పిల్లలకోడికి తగిలిన గుండు

తమ ఓడ ఇరవై ఏడేళ్ల చాకిరీ అంతా కలిపి అరపేజీ అయిందని రేవు ఆఫీసు గుమస్తా రెబెలో చదివి వినిపించేసరికి ఓడ వంటవాడు ఉస్మాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్లీ చదవండి బాబూ," అన్నాడు, చేతికంటిన చేప పొలుసు లుంగీకి తుడుచుకుంటూ.

రెబెలో గోవా మనిషి, నిదానస్తుడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. "లేడీ ఆగస్టా. పంతొమ్మిది వందల నాలుగులో నీళ్లలోకి దిగింది. నౌకాదళానికి సహాయ నౌక. గురి తెప్పలు లాగింది. మంచినీళ్లు మోసింది. చేసిన యుద్ధాలు, లేవు. మోసిన ప్రముఖులు, లేరు. తిన్న దెబ్బలు, లేవు."

"తర్వాత?"

"తర్వాత నా సంతకం."

"అదేం చరిత్రయ్యా? మా ఊళ్లో మేకపోతుకి ఇంతకంటే ఎక్కువ ఉంటుంది."

"నన్నేం చేయమంటావు? ఆఫీసులో పాత పుస్తకాలన్నీ చెదలు తినేశాయి. మిగిలిందే రాశాను. చెదలు తిననిది మీకేమైనా గుర్తుంటే చెప్పండి. రేపు పదకొండింటికి పెద్ద దొర వస్తారు. ఈలోగా కలిపేస్తాను."

ఆ పెద్ద దొర వచ్చేది ఎందుకో బొంబాయి రేవులో కాకులకి కూడా తెలుసు. ఖర్చు తగ్గించమని పైనుంచి హుకుం వచ్చింది. రేవులో ముసలి సహాయ నౌకలు రెండున్నాయి, ఒకదాన్నే ఉంచుతారు. రెండోది ఇనపసామాను వాడి పాలు. అవతలి ఓడ కౌంటెస్ ఒకప్పుడు ఓ గవర్నరుగారిని, ఆయన భార్యని, వాళ్ల రెండు కుక్కల్ని ఎక్కించుకుని గోవా దాకా వెళ్లొచ్చింది. ఆ సంగతి ఇత్తడి రేకు మీద చెక్కించి మరీ పెట్టుకున్నారు. దాని మీద పనిచేసేవాళ్లు ఆ రేకుని రోజూ తోముతారు, తోముతూ ఇటు చూసి నవ్వుతారు. వాళ్ల నవ్వు చూస్తే ఉస్మాన్‌కి పుండు మీద కారం చల్లినట్టుండేది.

లేడీ ఆగస్టాని ఆ పేరుతో పిలిచింది దొరలే. కళాసీలు దాన్ని పిల్లలకోడి అనేవాళ్లు. దాని పని అలాంటిది మరి. వెనక అరమైలు తాడు కట్టుకుని, ఆ తాడు చివర గుడ్డ తెరలున్న కర్ర తెప్పని లాక్కుంటూ సముద్రంలో అటూ ఇటూ తిరగాలి. దూరాన యుద్ధనౌకలు నిలబడి ఆ తెప్పని గురిచూసి కాలుస్తాయి. సాయంత్రానికి చిల్లులు పడ్డ తెరల్ని కుట్టి, విరిగిన కర్రలు బిగించి, పొద్దున్నే మళ్లీ లాగాలి. పెద్ద గుండ్లు పేలిన రోజున అదురుకి దిమ్మతిరిగిన చేపలు నీళ్ల మీద తేలేవి. వాటిని వలతో తోడుకొచ్చి ఉస్మాన్ వండేవాడు. చక్రవర్తిగారి ఖర్చుతో వంజరం పులుసు తిన్న కళాసీలు ప్రపంచంలో ఈ పద్దెనిమిది మందే అని అతనికి మహా గర్వం.

పద్దెనిమిది మందీ కొంకణ తీరంలోని హర్ణై ఊరివాళ్లే. సరంగు దావూద్ సోల్కర్ ఉస్మాన్‌కి స్వయానా అక్క మొగుడు. ఇంత చిన్న ఓడకి వేరే దొర దండగని కెప్టెన్ ఉద్యోగం ఎప్పుడూ ఖాళీగానే ఉంచేవాళ్లు, అందుకని ఓడకి పెద్దదిక్కు సరంగే. కుర్రాళ్లకి ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. యాభై నాలుగేళ్ల వంటవాణ్ని, అందులోనూ ఉస్మాన్ లాంటి నోటి దురుసువాణ్ని, ఏ ఓడ ఎక్కించుకుంటుంది? ఇరవై ఏళ్ల వయసులో చెక్క పడవలో గరిటె పట్టాడు, ఓడ కొత్తదిగా ఉన్నప్పుడే దీనిలోకొచ్చాడు. ఆరడుగుల వంటగది. ఆ గది పోతే తనకి భూమ్మీద నిలబడ్డానికి చోటు లేదని అతనికి బాగా తెలుసు. పది రోజులుగా అతనికి సరిగా ముద్ద దిగడం లేదు.

"గుమస్తాగారూ," అన్నాడు. "తిన్న దెబ్బలు లేవని రాశారే, అది..."

వెనక నుంచి దగ్గు వినిపించింది. సరంగు దావూద్ తాడు చుడుతూ నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"అది సరిగ్గానే రాశారు," అని మింగేశాడు ఉస్మాన్.

రెబెలో అటు వెళ్లాడో లేదో, ఇటు బావాబావమరుదులకి పడింది.

"ఉప్పు తిన్నావు నువ్వు," అన్నాడు దావూద్.

"తినడమేంటి, పంచింది నేనే. నా అరచేతిలోంచే తిన్నారు మీరంతా. అందుకే అడుగుతున్నాను. పంచినవాడికి తిరిగి తీసుకునే హక్కు లేదా?"

"వాంతి చేసుకుంటావా?"

"ఓడ పోతోంది బావా."

"పోనీ. మాట పోకూడదు."

ఆ ఉప్పు సంగతి చెప్పాలి. హర్ణై కళాసీల్లో ఓ ఆచారం ఉంది. ఓడ మీద బయటికి పొక్కకూడని సంగతి ఏదైనా జరిగితే వంటవాడు అరచేతిలో ఉప్పు పోసుకుని వరసగా అందరి ముందుకీ వెళ్తాడు. తలా చిటికెడు తీసి నోట్లో వేసుకుంటారు. ఇక ఆ మాట కడుపులోంచి బయటికి రాకూడదు. పెళ్లాం అడిగినా చెప్పరు. ఉస్మాన్ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది గానీ, ఈ ఒక్కటి మాత్రం పంతొమ్మిదేళ్లుగా నానుతూనే ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట ఫిబ్రవరిలో, మూడు పొగగొట్టాల యుద్ధనౌక ఒకటి చిన్న ఫిరంగితో కాల్పులు నేర్చుకుంటోంది. పేలని గుండ్లు, ఉత్త ఇనప ముద్దలు. మధ్యాహ్నం వేళ. రాగి డేగిసాలో అన్నం ఉడుకుతోంది. ఉస్మాన్ తమలపాకు ఉమ్మడానికి రెండడుగులు బయటికి వచ్చాడు. మానెయ్యరా అని తల్లి వెయ్యిసార్లు మొత్తుకున్న అలవాటు అది, ఆ రోజు ప్రాణం కాపాడింది. ఈలలాంటి చప్పుడు, వెంటనే ధడేలున మోత. తిరిగి చూస్తే వంటగది గోడకి ఇటు ఓ చిల్లు, అటు ఓ చిల్లు, మధ్యలో డేగిసాకి పైభాగాన మరో చిల్లు. సగం అన్నం గోడల మీద ఉంది. మిగతా సగం డేగిసాలో ఇంకా ఉడుకుతూనే ఉంది.

సాయంత్రం ఓ చిన్న పడవలో ఆ యుద్ధనౌక నుంచి కుర్ర దొర ఒకడు వచ్చాడు. తెప్ప చిల్లులు లెక్కపెట్టే వంకతో వచ్చాడు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లుంటాయి. మొహం పిండి ముద్దలా ఉంది. వంటగది చూశాడు, చిల్లులు చూశాడు, పద్దెనిమిది తలలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయాక డెక్కు మీద కూలబడి ఏడ్చేశాడు. గురి చూసింది తనేనని, ఎవరి ప్రాణమైనా పోయుంటే తనూ ఉండేవాణ్ని కాదని, ఇది తెలిస్తే తన ఉద్యోగం ఈ రాత్రితో సరి అని, తెలిసీ తెలియని హిందుస్తానీలో చెప్పుకున్నాడు.

దావూద్ అప్పుడే కొత్తగా సరంగు అయ్యాడు. కాసేపు ఆలోచించి, "ఉస్మాన్, ఆ మిగిలిన అన్నం పట్రా," అన్నాడు. పెట్టారు. తిన్నాడు. అన్నంలో ఉప్పు లేదు పాపం, వేసేలోపే గుండు వచ్చింది. ఉస్మాన్ అరచేతిలో ఉప్పు పోసుకొచ్చి ముందు ఆ కుర్రాడికి, తర్వాత అందరికీ పట్టాడు. చిల్లులకి రేకులు కొట్టుకున్నారు. డేగిసాకి మజ్‌గావ్ కంచరి ఇత్తడి అతుకు వేసిచ్చాడు. ఆ డేగిసాలోనే ఇవాళ్టికీ వంట. కుర్రాడి పేరు ఫెన్విక్.

రేపు పదకొండింటికి రాబోయే పెద్ద దొర, కెప్టెన్ ఫెన్విక్.

"అరమైలు గురి తప్పాడు ఆ రోజు. ఇవాళ చూడు, సరిగ్గా మన గుండెకే గురి పెట్టాడు," అన్నాడు ఉస్మాన్. "ఆయనకి గుర్తు చెయ్యడానికి కూడా వీల్లేదా? బెదిరించమనడం లేదు బావా. గుర్తు చెయ్యమంటున్నాను."

"ఒట్టుని అడ్డం పెట్టుకుని బతకడం కూడా ఒట్టు తప్పడమే. నీ అక్క మీద ఒట్టు, నోరు విప్పావంటే నీతో మాటలుండవు."

"సరే. నేను విప్పను."

ఉస్మాన్ అంత తొందరగా సరే అన్నాడంటేనే అనుమానించాలి. దావూద్ అనుమానించాడు కూడా. తెల్లవారి ఎనిమిదింటికి వంటగదికి వచ్చి చూస్తే డేగిసా తళతళలాడుతోంది. చింతపండు పెట్టి తోమాడు మహానుభావుడు. ఇత్తడి అతుకు గుమ్మం వైపు తిరిగి అద్దంలా మెరుస్తోంది.

"ఏంటిది?"

"దొర వస్తున్నాడు కదా, శుభ్రం చేశాను. నోరు విప్పనని నేను మాటిచ్చాను. డేగిసా ఇవ్వలేదు."

దావూద్ డేగిసాని తిప్పి అతుకు గోడవైపు పెట్టి వెళ్లాడు. ఉస్మాన్ మళ్లీ ఇటు తిప్పాడు. దావూద్ తాడు వెతుకుతున్నట్టు వచ్చి అటు తిప్పాడు. బొగ్గు కోసం వచ్చిన ఇంజను మనిషి కాసిం ఇద్దర్నీ చూసి, "తిప్పితే కూర రుచిగా వస్తుందా చాచా?" అని అడిగాడు. ఇద్దరూ కలిసి వాణ్ని తిట్టారు. ఆ పూటకి వాళ్లిద్దరికీ ఒకే మాట మీద కుదిరింది ఆ తిట్టు ఒక్కటే.

తొమ్మిదిన్నరకి ఉస్మాన్ చేపలు కడగడానికి పక్కకి వెళ్లి వచ్చేసరికి డేగిసా లేదు. దాని స్థానంలో మట్టి కుండ ఉంది. దావూద్ దాన్ని లంగరు గొలుసు పెట్టే గదిలో వేసి తాళం బిగించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

ఉస్మాన్ ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాడు. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. బావ తప్పు చెయ్యడం లేదు. ఆ మనిషి పంతొమ్మిదేళ్లుగా ఎంత నిటారుగా ఉన్నాడో ఇవాళా అంతే ఉన్నాడు. అందుకే ఏడుపొచ్చింది. కౌంటెస్ మీద ఎవడో ఇత్తడి రేకు తోముతూ పాడుతున్నాడు. ఉస్మాన్ ముక్కు చీది, కొబ్బరి నూరి, పులుపుకి కోకం కాయ నానబెట్టి, మట్టి కుండలో చందువా చేపల పులుసు పెట్టాడు. ఎంత దుఃఖమొచ్చినా చేప పాడైపోకూడదు కదా. మరుగుతుంటే అలవాటుగా చెయ్యి ఉప్పు జాడీలోకి వెళ్లింది. గుప్పెడు తీసింది.

చెయ్యి అక్కడే ఆగింది. కాసేపు ఆ ఉప్పుని అలాగే చూశాడు. తర్వాత జాడీలో పోసేసి మూత పెట్టాడు.

కెప్టెన్ ఫెన్విక్ సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. ఎర్రటి మొహం, నలభై దాటగానే తెల్లబడ్డ మీసాలు, పెద్ద పొట్ట. వెంట కాగితాల దొర ఒకడు, వెనక రెబెలో. డెక్కు మీద గబగబా నడిచాడు. వరసలో నిలబడ్డ కళాసీల మొహాల కేసి చూడలేదు, వాళ్ల టోపీల మీదుగా చూశాడు. వంటగది పక్కనుంచి వెళ్లేటప్పుడు మరీ వేగంగా నడిచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని ఉస్మాన్ చాలామందిని చూశాడు. ఇదిగో, ఆ గోడ దగ్గర ఈయన మెడ పట్టేసినట్టు మొహం అవతలికి తిప్పుకోవడం చూశాడు.

"చరిత్ర?" అన్నాడు కెప్టెన్.

రెబెలో అరపేజీ అందించాడు. అరనిమిషంలో అయిపోయింది.

"చెప్పుకోదగ్గదేం లేదు," అన్నాడు కెప్టెన్. "సరంగ్, ఇంకేమైనా ఉందా?"

"లేదు సాబ్," అన్నాడు దావూద్.

ఆ రెండు మాటలతో ఓడ మునిగిపోయినట్టే అనిపించింది ఉస్మాన్‌కి. కానీ నౌకాదళంలో ఓ రివాజు ఉంది. తనిఖీకి వచ్చిన దొర కళాసీల తిండి ఒక చెంచా రుచి చూసి, బాగుందని చెప్పి వెళ్లాలి. ఓడని అమ్మేసే రోజైనా సరే, రివాజు రివాజే. ఉస్మాన్ పింగాణీ పళ్లెంలో అన్నం, పులుసు పెట్టుకుని ముందుకొచ్చాడు. కెప్టెన్ నిలబడే ఓ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మీసాలు ఆగిపోయాయి.

"ఇందులో ఉప్పు లేదు."

కళాసీలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఉస్మాన్ కూరలో ఉప్పు లేకపోవడమా? దావూద్ కళ్లు బావమరిది మీద నిప్పులు కురిపించాయి. ఉస్మాన్ పళ్లెం దొర చేతికిచ్చాడు. లోపలికి వెళ్లి అరచేతిలో ఉప్పు పోసుకుని వచ్చి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని, తల వంచి, దొర ముందు చెయ్యి చాపాడు.

కెప్టెన్ ఆ చేతికేసి చూశాడు. కాగితాల దొర గడియారం తీశాడు. సముద్రపు కాకి ఒకటి పొగగొట్టం మీద వాలి అరిచింది. ఉస్మాన్ చెయ్యి ఇంకాస్త ముందుకి చాపాడు. పంతొమ్మిదేళ్ల కిందట చాపిందీ ఆ చెయ్యే.

కెప్టెన్ చెంచా పళ్లెంలో పెట్టేశాడు. రెండు వేళ్లతో చిటికెడు ఉప్పు తీసి అన్నం మీద చల్లుకున్నాడు. తర్వాత, ఆ తెల్ల బట్టలతోటే, డెక్కు మీద చతికిలబడి కూర్చున్నాడు. కూర్చోవడానికి కాస్త కష్టపడ్డాడు, పొట్ట అడ్డమొచ్చింది. చేత్తో కలిపి తినసాగాడు. నాలుగు ముద్దలు తిన్నాక తల ఎత్తకుండానే అడిగాడు.

"సోల్కర్, ఆ డేగిసా ఏది?"

దావూద్ మొలతాడుకున్న తాళంచెవిని చేత్తో కప్పుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఆ డేగిసా ఏది?"

"ఏ డేగిసా సాబ్?" అన్నాడు దావూద్. మనిషి నరాలు ఉక్కుతో చేశారో ఏమిటో.

ఫెన్విక్ తల ఎత్తి చూశాడు. కళ్లు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాడు కూడా. "నేను చిల్లు పొడిచిన డేగిసా," అన్నాడు. "చెప్పుకోవలసింది నేను. నేను చెప్పాను. ఇప్పుడు తీసుకురా."

తాళం తీశారు. డేగిసా వచ్చింది. తెల్లారి తోమింది కాబట్టి ఎండలో ధగధగా మెరిసింది. కెప్టెన్ ఇత్తడి అతుకు మీద వేలు పెట్టి చుట్టూ తడిమాడు.

"రెబెలో, చివరి వరస ఏం రాశావు?"

"తిన్న దెబ్బలు, లేవు."

"కొట్టెయ్. రాసుకో. పంతొమ్మిది వందల పన్నెండు ఫిబ్రవరిలో యుద్ధనౌక గుండు నేరుగా తగిలింది. గురి చూసింది లెఫ్టినెంట్ ఫెన్విక్. నష్టం, వంటగది గోడలు రెండు, డేగిసా ఒకటి, అన్నం సగం. ఫిర్యాదు చేసినవాళ్లు ఎవరూ లేరు."

కాగితాల దొర గొంతు సవరించుకున్నాడు. "సర్, ఇది మీ పేరు మీద..."

"నాకిక పై ఉద్యోగం వచ్చేది లేదు, నన్నెక్కడికి పంపుతారు? పంపితే ఇంటికే, అక్కడ చేపలు పట్టుకుంటాను." అని, మళ్లీ కళాసీల వైపు తిరిగి హిందుస్తానీలోకి దిగాడు. ఇప్పుడు బాగా వచ్చేసింది ఆయనకి. "నిజం చెప్తాను. జాబితాలో ఈ ఓడ పేరు చూడగానే భయమేసింది. ఇది కళ్ల ముందు లేకపోతే బాగుండుననిపించింది. ఇక్కడికి రాకముందే కౌంటెస్‌ని ఉంచుదామని రాసి పెట్టుకున్నాను. మీలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఉంటారనుకున్నాను. పద్దెనిమిది నోళ్లు, పంతొమ్మిదేళ్లు."

"ఇందులో ఒక నోటికి కాపలా కాయడమే కష్టమైంది సాబ్," అన్నాడు దావూద్.

అందరూ నవ్వారు. ఉస్మాన్ నవ్వలేదు. అతని చెయ్యి ఇంకా చాపే ఉంది, మిగిలిన ఉప్పుతో.

కెప్టెన్ ఇంకో కాగితం తీయించి, ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసి సంతకం పెట్టాడు. లేవడానికి కాసిం చెయ్యి అందించాడు. "రేవులో ఉన్న సహాయ నౌకల్లో ఫిరంగి దెబ్బ తిన్నది ఇదొక్కటే," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "గవర్నర్‌ని ఎవరైనా మొయ్యగలరు. ఆయన్ని గాడిద కూడా మోసింది, నేను చూశాను."

ఆ మాట కౌంటెస్ దాకా వినబడేలా ఉస్మాన్ తర్వాత మూడుసార్లు అరిచి చెప్పాడు. రెబెలో మాత్రం పళ్లెం పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు, చరిత్రకి రెండో పేజీ పట్టిందని, అందుకు తనకి రెండు చేప ముక్కలు రావాలని.

అందరూ తిని లేచాక దావూద్ ఒక్కడే మిగిలాడు. పళ్లెం ముందు పెట్టుకుని చెయ్యి చాపాడు. ఉస్మాన్ ఉప్పు వేశాడు.

"ముప్పై నాలుగేళ్లలో నీ కూరలో ఉప్పు తగ్గడం ఇదే మొదలు," అన్నాడు దావూద్.

"వయసు బావా. మరుపొస్తోంది."

దావూద్ ముద్ద కలుపుతూ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపమో నవ్వో మీసాల కింద తెలియలేదు.

"రేపు మర్చిపోకు," అన్నాడు చివరికి.

ఉస్మాన్ రేపటి కూర మాట విని పది రోజులైంది. గిర్రున గుమ్మం వైపు తిరిగి, డేగిసాని పొయ్యి మీదికెక్కించి, రాత్రికి కావలసిన ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కటి కూడా కొయ్యకముందే కళ్లు కారుతున్నాయి.

"ఘాటైన ఉల్లిపాయలు," అన్నాడు బావకి వినబడేలా.